రికార్డులో లేని లీకు

దెయ్యాల కబుర్లు మొదలైతే టీ కప్పు పట్టుకుని లేచిపోయే రకాన్ని నేను. విజయవాడలో గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్ని. కంటికి కనబడి, మెషీన్‌లో రికార్డయితేనే ఏదైనా నమ్ముతాను. అలాంటి నాకే ఇలా జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

పేషెంటుది చల్లపల్లి దగ్గర ఊరు. పేరు కరుణ అనుకోండి. చర్చిలో పాటలు పాడేది. గుండెలోని మైట్రల్ వాల్వు సరిగా మూసుకోక, ముందుకు పోవాల్సిన రక్తం వెనక్కి లీకవుతోంది. ఒక్క పాట పూర్తిచేసేసరికి ఆయాసం. ఆపరేషన్‌కి ముందు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మెటల్ వాల్వు మాత్రం వద్దండీ మేడమ్. అది పెడితే జీవితాంతం రక్తం పల్చబడే మాత్రలంట, కడుపులో బిడ్డకి మంచిది కాదంట. నాకు పిల్లలు కావాలండీ."

అందుకే మా సర్జన్ గారు ఆమె సొంత వాల్వునే బాగుచేసి, చుట్టూ రింగు కుట్టారు. గుండె తిరిగి కొట్టుకోవడం మొదలయ్యాక, అప్పటిదాకా దాని పని చేసిన హార్ట్-లంగ్ మెషీన్ ఆపేశాం. ఇక నా పని. ఆహారనాళంలోకి దించిన ఎకో ప్రోబుతో గుండెను వెనక నుంచి చూడాలి. మత్తులో బీపీ తక్కువగా ఉంటే లీకు బయటపడదు. అందుకని మందిచ్చి, బీపీ పెంచి మరీ చూస్తాం.

పెంచాను. వాల్వు చక్కగా మూసుకుంది. హమ్మయ్య అనుకునేలోపే తెర మీద రింగు అంచున ఒక మూల నుంచి రంగురంగుల ధార చిమ్మింది! ఎకోలో లీకయ్యే రక్తం అలాగే కనబడుతుంది. ఒకసారి కాదు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ. గబుక్కున రికార్డు బటన్ నొక్కి సర్జన్ గారిని పిలిచాను. ఆయన కూడా తెర వైపు వంగి చూశారు.

"మళ్ళీ మెషీన్ మీద పెట్టడమంటే మాటలు కాదు మేడమ్. ఖాయమేనా?"

"ఖాయమేనండీ. మీరూ చూస్తున్నారుగా!"

గుండెను మళ్ళీ ఆపి తెరిచారు. సరిగ్గా ఆ మూలనే ఒక కుట్టు కోసుకుపోయి రింగు లేచి ఉంది. అలాగే వదిలేస్తే కొన్నాళ్ళకు మెటల్ వాల్వే గతయ్యేది. కొత్త కుట్లు వేశారు. ఈసారి బీపీ ఎంత పెంచినా చుక్క లీకు లేదు. థియేటర్ అని కూడా చూడకుండా నేను చప్పట్లు కొట్టేశాను.

సాయంత్రం రిపోర్టు రాద్దామని ఆ రికార్డింగు తెరిచాను. లీకు లేదు. టైము అదే, పేషెంటు అదే, పెంచిన బీపీ అదే. రింగు మూల మాత్రం శుభ్రంగా ఉంది. ముందూ వెనకా తీసినవన్నీ వెతికాను, ఎందులోనూ లేదు. సర్జన్ గారు పక్కన కూర్చుని మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశారు.

"ఇదే చూసుంటే ఛాతీ మూసేసేవాణ్ణండీ," అన్నారు చివరికి.

మెషీన్ కంపెనీ ఇంజనీరు వచ్చి అంతా విప్పి చూసి, ఏ లోపమూ లేదన్నాడు.

మొన్న కరుణ నిండు గర్భంతో ఎకోకి వచ్చింది. వాల్వు భేషుగ్గా ఉంది. నాకు పట్టలేనంత సంతోషం.

"ఆ రోజు లీకు మీరే కనిపెట్టారంట కదండీ మేడమ్," అంది.

నేను కాదమ్మా, ఎవరో చూపించారు అనబోయి ఆగిపోయాను. మరి ఎవరంటే ఏం చెప్పను?