అరుగు మీద నట్ల ముగ్గు

ఈ ఉదయం మా పాత కారు ముందు సస్పెన్షన్ నేనే విప్పి, అరిగిన రబ్బరు బుష్‌లు మార్చాను. చేతికంటిన కిరసనాయిలు వాసనకి మండపేటలో మా అరుగు గుర్తొచ్చింది.

ఆదివారమైతే వాకిట్లో కారు విప్పుకుని కూర్చునే నాన్నలు మీకూ గుర్తున్నారు కదూ? మా నాన్నగారు ఇంజన్ విప్పుతుంటే, అమ్మ ప్రతి నట్టునీ వరుసగా అరుగు మీద పెట్టి, చుట్టూ ముగ్గుపిండితో గడి గీసేది. ఒకసారి ఆయన స్టార్ట్ చెయ్యబోతే, "ఆగండి, ఆ మూల గడిలో వాషర్ ఉండిపోయిందండీ!" అని ఆపింది.

ఇవాళ నేనూ ముగ్గుపిండితోనే గడులు గీశాను. అన్నీ ఖాళీ అయ్యాక ఫొటో తీసి అమ్మకి పంపాను. సాయంత్రం ఫోన్ చేసింది.

"గీతలన్నీ వంకరేనే అమ్మాయ్. బండి తిన్నగా పోతోందా?"

"నీ అరుగు ముందే ఆపానమ్మా, తలుపు తియ్యి."