వారసుల పేర్లు

మా ఊరి చర్చికి నూరేళ్ళు నిండాయని సావనీరు వేస్తూ, పాస్టరుగారు కాకినాడలో ఉంటున్న నాకు ఫోను చేశారు. "మాస్టారూ, మీ తాతగారి గురించి మీరే రాయాలండి. చివర్లో వారసుల పేర్లు కూడా వేద్దామండి."

తాతగారి గురించి రాయడానికేం, కళ్ళు మూసుకుని రాస్తాను. తెల్లదొరలు సంస్కరణలంటూ మైనారిటీలకు సీట్లిచ్చిన రోజుల్లో, ఆయన్ని తాలూకా బోర్డులో క్రైస్తవుల మెంబరుగా నామినేట్ చేశారు. మిషన్ బడి పంతులు, మా పేటలో మొదట చదువుకున్న మనిషి. మొదటి మీటింగులో ఆయన కుర్చీ వరండాలో వేశారట. రెండో మీటింగుకి బడి కుర్చీని నెత్తిన పెట్టుకుని, కాలవగట్టు వెంట నడిచి వెళ్ళి, లోపల తానే వేసుకుని కూర్చున్నారు. ఎవరూ లెమ్మనలేదు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాన్న ఏడ్చేవాడు.

చిక్కల్లా ఆ వారసుల దగ్గరే. నేను సోషల్ మాస్టరుగా రిటైరయ్యాను. ఆ ఉద్యోగం ఎస్సీ సర్టిఫికెట్టు మీద వచ్చింది. అందులో హిందువునని ఉంది. క్రైస్తవుణ్ణని రాస్తే ఆ కోటా ఉండదు. మా పేటలో చాలా ఇళ్ళది ఇదే బతుకు, చర్చిలో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు. ముప్ఫై ఏళ్ళు మైనారిటీల ప్రత్యేక సీట్ల పాఠం చెప్పాను. అలా మెంబరైనవాడు మా తాతేనని ఒక్క క్లాసులోనూ నోరు విప్పలేదు. భయంతో కాకినాడలో ఏ చర్చి గడపా తొక్కలేదు. మా ఆవిడ పోయాక ఆదివారాలు ఒక పట్టాన గడవవు.

అమ్మాయికి ఫోను చేశాను. తనదీ అదే కోటాలో వచ్చిన ఉద్యోగం.

"నాన్నా, మీకు దణ్ణం పెడతాను. అచ్చులో మన పేర్లొద్దు, నా పీకల మీదికొస్తుంది," అంది. దాని భయం దానిది. తిట్టబుద్ధి కాలేదు.

రాసి పంపాను. అడుగున "వారసుల వివరాలు తెలియవు" అని నా చేత్తోనే రాశాను. ఛీ, ఏం బతుకు!

నూరేళ్ళ పండగనాడు మా ఊరి చర్చికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. పాస్టరుగారు తాతగారి పేజీ చదువుతూ, చివరి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, అదీ చదివేశారు. తాతగారి దగ్గర ఓనమాలు దిద్దిన ముసలామె ఒకరు ముందు వరసలోంచి లేచారు.

"అదేంటండీ, తెలీకపోవడమేంటి? మనవడు అదుగో, అక్కడే ఉన్నాడు కదా! లే బాబూ, అందరూ చూడాలి."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేవలేదు. ఆవిడ ఎవరి గురించి చెబుతోందో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.