మార్కాపురం హోటలుకు మేం చేసిన ఏగిస బెంచీలు

తిరునాళ్ళ అయిన మూడో రోజు, శుక్రవారం, పొద్దున సరిగ్గా తొమ్మిది గంటలు. గడియారం చూడటం నాకప్పటికి రాదు. మేం బెంచీలు చేసిచ్చిన హోటలు గోడకు ఒక గడియారం ఉండేది. మా అన్న, నేను ఆ సందులోకి తిరిగేసరికి అది కొట్టింది. దెబ్బలు లెక్కపెట్టాను, తొమ్మిది. అందుకే గంట ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. సంవత్సరం మాత్రం అడగొద్దు. మద్రాసు ప్రభుత్వం నడుస్తోంది, మాది అప్పుడు కర్నూలు జిల్లా, అంతవరకే తెలుసు.

హోటలాయన రమ్మన్నాడని కబురొచ్చింది. ఎందుకు రమ్మన్నాడో మాకు తెలుసు. అయినా మా అన్న చిత్రిక, ఉలి, బాడిశ గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని వచ్చాడు. బాగుచేయిస్తారనే అనుకున్నాడు.

మాది మార్కాపురం నుంచి పుల్లలచెరువు పోయే దారిలో ఒక కిరస్తానీ పల్లె. పలకలు తయారయ్యే ఊరి పక్కన పుట్టి నేను పలక పట్టింది యాభై దాటాక, అదీ ప్రార్థనకు వచ్చే ఒక పంతులమ్మ పుణ్యాన. రాత ఇంకా వంకరే. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా నాయన చిన్నప్పుడే పోయాడు. అన్న కోతరంపం పట్టి నన్ను సాకాడు. కోతపని అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియదు. గుంట తవ్వి, దాని మీద అడ్డంగా దుంగను పెట్టి, ఒకడు పైన నిలబడి, ఒకడు గుంటలో దిగి, ఇద్దరూ రంపం లాగాలి. పైవాడికి ఎండ. కిందవాడికి పొట్టు. కంట్లో, ముక్కులో, నోట్లో, రోజంతా పొట్టే. అన్న ఎప్పుడూ కిందే ఉండేవాడు. నన్ను దిగనిచ్చేవాడు కాదు. తాను గుంటలో ఉండి సంపాదించిన దానితోనే నన్ను రెండేళ్ళు దొరల మిషన్ షెడ్డులో వడ్రంగం నేర్చుకోమని పంపాడు. నేర్చుకుని వచ్చేసరికి ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, మాట మధ్యలో దగ్గు వచ్చేది. ముప్ఫై నాలుగేళ్ళకే ముసలివాడిలా వంగి నడిచేవాడు. ఆయన్ను గుంటలోనుంచి పైకి తేవాలి, నాతోపాటు నీడన కూర్చోబెట్టి చిత్రిక పట్టించాలి. నా బుర్రలో అదొక్కటే ఉండేది. కానీ ఊరవతలుండే మా పల్లెవాళ్ళ చేత బల్ల చేయించుకునేవాడెవడు?

మార్కాపురంలో కలప అడితి నడిపే సాయిబు దగ్గర మేం కోత కోసేవాళ్ళం. ఒకరోజు ఆయనే పిలిచాడు. బజారులో భోజన హోటలుకు కొత్తగా ఒక హాలు కట్టారట. పాత బెంచీలు మామిడి చెక్కవి. ఏడాదికే వంగిపోయాయి, పుచ్చి పిండి రాలింది, మేకులు లేచి పంచెలు చింపాయి. ఈసారి హోటలాయన గట్టి చేవ కర్రతో, మేకు లేకుండా, కొడుకు కాలం దాకా నిలిచేట్టు ఎనిమిది బెంచీలు, నాలుగు పొడుగు బల్లలు కావాలన్నాడు. సాయిబు మా అన్నను అడిగాడు.

"అబ్బాయ్, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చునేవాడు మారతానే ఉంటాడు, బెంచీ మారగూడదు. అట్లాంటి కర్ర చెప్పు."

ఎవరు చేస్తారని నేను అడిగాను. మీరే చేయండి అన్నాడు. నంద్యాల నుంచి పనివాళ్ళను తెప్పించానని చెప్పుకుంటాను, అడితిలో తడిక చాటున చేయండి, మోసుకుపోయేది నా మనుషులు అన్నాడు. ఆ అబద్ధం మాకు తప్పనిపించలేదు. ఇప్పుడూ అనిపించదు.

టేకు హోటలాయనకు అందదు. మిగిలినవి మేం కూర్చుని ఎంచాం. వేప చిన్న పీటకు చాలు, పొడుగు బెంచీకి నమ్మకం లేదు. తుమ్మ గట్టిదే కానీ ఆరడుగులు వంకర లేకుండా దొరకదు. ఏపి ఇనుము లాంటిది, ఉలి మొక్కపోతుంది, ఇద్దరు మనుషులు ఎత్తలేరు. హోటల్లో పూటపూటకూ బెంచీ జరిపి ఊడవాలి గదా. చివరికి నల్లమద్ది, ఏగిస మిగిలాయి. అన్న మద్ది అన్నాడు. నేను ఏగిస అన్నాను.

మద్ది బరువు మోస్తుంది గానీ మా ఎండలకు నెర్రె విచ్చుతుంది, ఆ నెర్రెలో తొడ పడితే గిచ్చుతుంది అని వాదించాను. ఏగిస అట్ల కాదు. నీడన ఆరితే మెలి తిరగదు. చెద ముట్టదు. చిత్రిక పడితే తేనె రంగు తేలుతుంది. అంతకు ముందు ఏడు మేమే కోసి ఆరబెట్టిన ఏగిస చెక్కలు అడితిలో సిద్ధంగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ రంగు కోసమే వాదించాను. అన్న నవ్వి ఊరుకున్నాడు. నేర్చుకొచ్చిన పని నీది, నీ ఇష్టం అన్నాడు.

ఇక్కడ నా తప్పు రాయాలి. ఆ ఏగిసను కోసిన రోజుల్లో పొట్టు చెమటకు తడిసి అన్న ఒళ్ళంతా పచ్చగా అయ్యేది. గోచీ అయితే పచ్చ దాటి ఇటుక రంగు తిరిగింది. మా వదిన నన్ను ఆట పట్టించేది.

"ఏం అబ్బాయ్, మీ అన్నకు రెండో పెళ్ళి చేస్తుండావా ఏంది? రోజూ పసుపు పూసి పంపిస్తుండావు."

ఆ గుడ్డ ఎంత ఉతికినా రంగు పోవడం లేదని కూడా చెప్పింది. మేం విన్నాం, నవ్వాం. తడి తగిలితే ఈ కర్ర రంగు విడుస్తుందని మాకు తెలియక కాదు. రోజూ మా ఒంటి మీద చూశాం. మా గుడ్డలు ఎప్పుడూ మట్టి రంగువే, మరకైతే ఏంది అనుకునేవాళ్ళం. తెల్ల పంచె కట్టుకుని బెంచీ మీద కూర్చోవడం మా ఇంటావంటా లేదు. ఆ హాలు లోపల మేం అడుగు పెట్టలేదు. పక్క సందులో కిటికీ కింద నిలబడి మా ముంత చాపితే పైనుంచి కాఫీ పోసేవాళ్ళు, మాకు తెలిసిన హోటలు అంతే. హాలు కొలతలు కూడా సాయిబే తాడుకు ముడులు వేసి తెచ్చి ఇచ్చాడు. లోపల పూటకు ఎన్నిసార్లు నీళ్ళు చల్లి కడుగుతారో, స్నానం చేసి తడిబట్టతోనే వచ్చి భోంచేసేవాళ్ళు ఎందరో మాకేం తెలుసు? సాయిబూ అడగలేదు, మేమూ అడగలేదు.

పని మాత్రం బాగా చేశాం. రెండంగుళాల మందం చెక్క, తెల్లచెక్క పూర్తిగా చెక్కేసి చేవ మాత్రమే ఉంచాం. కాలి కుసి, అంటే కాలు పైన సన్నగా చెక్కిన కొన, బెంచీ చెక్కలో ఇటు దూరి అటు తేలేట్టు బెజ్జం తొలిచి, కర్ర చీల బిగించాం. ఒక్క మేకు లేదు. కాళ్ళు ఆనించుకునే చోట అడ్డకమ్మి వేశాం. తొడకు తగిలే అంచు గుండ్రంగా తీశాం. ప్రతి బెంచీ మీదా ఇద్దరం కూర్చుని, ఎగిరి మరీ కూర్చుని, కదులుతుందేమో చూశాం. అన్న ఆ నెలన్నర గుంటలో దిగలేదు. దగ్గు తగ్గింది. కళ్ళలో తెలుపు కనిపించింది. వదిన ఒకరోజు సంగటి తెచ్చి, మీ అన్న ఇప్పుడు మాట మధ్యలో ఆపకుండా నన్ను తిడుతుండాడు అని సంతోషంగా చెప్పింది.

బెంచీలు హాల్లోకి పోయాయి. ఎండాకాలం గదా, తడిబట్ట దారిలోనే ఆరిపోయేది, రెండు నెలలు ఎవరికీ ఏమీ కాలేదు. నంద్యాల పని నంద్యాల పనే అన్నారట. గిద్దలూరు స్టేషను ఎదురుగా హోటలు పెట్టబోయే ఇంకొకాయన వచ్చి చూసి, నాకూ ఇట్లాంటివే కావాలని సాయిబుకు చెప్పిపోయాడు. అన్న ఆ రోజు కోతరంపాన్ని ఇంటి చూరులో దోపాడు. ఇక దించనన్నాడు.

తర్వాత తిరునాళ్ళ వచ్చింది. జనం బావుల దగ్గర స్నానాలు చేసి, తడిపంచెలతో దేవుణ్ణి చూసుకుని, అట్లే హోటలుకు వచ్చారు. ఊళ్ళో ఒక పెద్దరైతు భోంచేసి లేచాడు. వెనకున్నవాళ్ళు నవ్వారట. ఆయన పంచె మీద పిరుదులంత మేర ఎర్రపచ్చ మరక. నవ్వినవాళ్ళు లేచారు. వాళ్ళకూ అంతే. కాసేపు హాలంతా నవ్వులే అని సాయిబు చెప్పాడు. అక్కడితో ఆగేది. కానీ ఆ పెద్దరైతు, ఇదేం కర్ర, ఎవడు చేసినాడు దీన్ని అని పట్టుకున్నాడు. నంద్యాల అంటే నంద్యాలలో ఎవరు అన్నాడు. రెండు రోజులు అడిగితే సాయిబు చెప్పేశాడు. ఆయన్ను నేను తప్పు పట్టను. ఆయనకూ అదే బజారులో దుకాణం ఉండాలి.

శుక్రవారం తొమ్మిదింటికి మేం హోటలు ముందు నిలబడ్డాం. హోటలాయన గుమ్మంలో ఉన్నాడు. పెద్దరైతు అరుగు మీద కూర్చున్నాడు. అన్న చేతులు కట్టుకుని చెప్పాడు.

"అయ్యా, తప్పయిపోయింది. చెక్కలు ఊడదీసి వారం దినాలు నీళ్ళలో నానేస్తే రంగంతా దిగిపోతుంది. ఆరబెట్టి, నూనె పట్టించి మళ్ళీ బిగిస్తాం. కూలి వద్దు. ఇంక నూరేళ్ళు మరక పడదు."

హోటలాయన ఆలోచించాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఒప్పుకునేట్టే ఉన్నాడు. లోపలికి తిరిగి ఒక బెంచీ అంచు మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడు అరుగు మీదాయన అన్నాడు.

"రంగు దిగుతుంది లేప్పా. ఎవరు చేసినారో అది దిగుతుందా?"

హోటలాయన చెయ్యి తీసేశాడు. రెండు నెలలు ఊరంతా వాటి మీదే కూర్చుని తిన్నది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అన్న నా కాలు తొక్కాడు.

బయటికి మోసుకుపొమ్మన్నారు. అట్ల మేం ఆ హాల్లో మొదటిసారి అడుగు పెట్టాం. ముందు గుమ్మం గుండా వద్దు, పెరటి వైపు నుంచి రమ్మన్నారు. మా వెనకాలే ఒకామె నీళ్ళు చల్లుతూ వచ్చింది. ఎనిమిది బెంచీలు, నాలుగు బల్లలు పెరట్లో పెట్టాం. వీటిని మా ప్రార్థన ఇంటికి తీసుకుపోతాం, ఇప్పించండి అని నేను అడిగాను. హోటలాయన సరేననబోయాడు. పెద్దరైతు ఒప్పుకోలేదు. మేం కూర్చున్న వాటి మీద రేపు పల్లెవాళ్ళు కూర్చుంటారా అన్నాడు. పగలగొట్టి పొయ్యిలోకి వేయండి, పగలగొట్టేది కూడా వాళ్ళే అన్నాడు.

గొడ్డలి నా చేతికిచ్చారు. ఏగిస ఎంచింది నేను, కుసులు కోసింది నేను. ఎత్తాను. అన్న వెనకనుంచి గొడ్డలి కాడ పట్టుకున్నాడు.

"నువ్వొద్దులే. నీ చెయ్యి పని నేర్చిన చెయ్యి. ఇట్లాంటిది అలవాటు కాగూడదు."

మామిడి బెంచీ అయితే రెండు దెబ్బలకు పోయేది. ఇవి పోలేదు. చెక్క చీలినా కుసి దగ్గర వదల్లేదు. కాళ్ళు ఊడదీయడానికే ఒక్కోదానికి పది పన్నెండు దెబ్బలు పడ్డాయి. అన్న మధ్యమధ్యలో ఆగి దగ్గాడు. మళ్ళీ కొట్టాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోయింది. కట్టెలు వంటపొయ్యి దగ్గర పేర్చి వచ్చాం. బాగా మండుతాయి, పొగ రాదు అని అన్న వంటాయనకు చెప్పాడు. ఎందుకు చెప్పాడో నాకిప్పటికీ తెలియదు.

గిద్దలూరు ఆయన మళ్ళీ రాలేదు. సోమవారం అన్న చూరులోనుంచి రంపం దించాడు. నేను కిందికి దిగుతానంటే కసిరాడు. రెండో చలికాలం బండిలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. మద్ది అని తానే అన్నాడు, నేనే వినలేదు. నేను చెప్పలేదా అని ఆయన ఒక్కసారైనా అనలేదు. అనుంటే నాకు తేలికయ్యేది.

తర్వాత నలభై ఏళ్ళు వడ్రంగం చేశాను. హోటళ్ళకూ చేశాను. కాలం మారి మమ్మల్ని లోపల కూర్చోనిచ్చాక, పని ఒప్పుకునే ముందు ఒక పూటంతా ఆ హోటల్లో కూర్చునేవాణ్ణి. ఎవరెవరు వస్తారు, ఏ బట్టతో వస్తారు, ఏం ఒలకబోస్తారు, నేల ఎట్ల కడుగుతారు, అవన్నీ చూసి అప్పుడు కర్ర పేరు చెప్పేవాణ్ణి. జనం నాకు చాదస్తం అనేవాళ్ళు. ఏగిస చెక్కను మాత్రం మళ్ళీ ముట్టలేదు.

ఆ శుక్రవారం ఆ పెరట్లో, దాని చుట్టుపక్కల ఉన్నవాళ్ళను చెప్పి ఆపుతాను. పేర్లు రాయను, వాళ్ళ పిల్లలున్నారు. గుమ్మంలో హోటలాయన, చివరిదాకా నిలబడలేక మధ్యలో లోపలికి పోయాడు. అరుగు మీదనుంచి లేచొచ్చి చివరిదాకా నిలబడిన పెద్దరైతు. నీళ్ళు చల్లినామె. కట్టెలు తీసుకున్న వంటాయన, ఆయన మా మొహాలు చూడలేదు. దడి అవతల, లోపలికి రాకుండా, టోపీ చేతిలో పట్టుకుని అడితి సాయిబు. సందు మొదట్లో సంగటి ముంతతో మా వదిన. మా అన్న. నేను.