నీలికుండ ఇంటి వరుస

ఇరవై ఏళ్ళుగా ఒక పేరును గొంతులో అడ్డం పెట్టుకొని బతుకుతున్నాను. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నా పేరు మాత్రం అడగొద్దు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది వంశాలు చెప్పే ఇల్లు. కడప నుంచి రాయచోటికి పోయే దారిలోని నేత ఊళ్ళు తాతల నాటి నుంచి మావి. ఏడాదికొకసారి ఇంటింటి ముందూ నిలబడి, గంట వాయిస్తూ, ఆ ఇంటి పెద్దల పేర్లు తరం తర్వాత తరం చదివేవాళ్ళం. ప్రతి ఇంటి వరుసకూ మొదట దాని పల్లవి ఉండేది. కాగితం మీద ఏదీ ఉండదు, అంతా నోటనే. మాలో ఒక పద్ధతి ఉంది. పిల్లాజెల్లా, సంతు లేకుండా పోయినవాడి పేరు ఒక తరం దాటాక వరుసలోంచి వదిలేస్తాం. లేకపోతే ఒక్క ఇంటి వంశం చెప్పేసరికే పొద్దు గూకుతుంది.

ఆ పద్ధతే మా నాయన కొంప ముంచింది. నరసప్ప అనే నేతపెద్ద ఇంటి ముందు చదువుతూ, ధాత నామ సంవత్సరపు పెద్ద కరువులో తప్పిపోయిన అతని తమ్ముడు సుంకన్న పేరు వదిలేశాడు. ముప్పై ఏళ్ళు దాటింది కదా, ఇక లేనట్టే అనుకున్నాడు. నరసప్ప మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. తన తమ్ముడు చచ్చాడని ఎవరు చెప్పారని నిలదీసి, వీధి వీధంతా చూస్తుండగా మా నాయన చేతిలోని గంట లాక్కొని తన మేకపోతు మెడకు కట్టాడు. ఆ తర్వాత మా నాయన ఏ ఇంటి ముందూ నోరు తెరవలేదు. రెండేళ్ళకు పోయాడు. ఊళ్ళు నాకు వచ్చాయి. ఆ వీధిలో నడిచిన ప్రతిసారీ మా గంట మేక మెడలో మోగేది. మేకలు మారాయి, గంట మారలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. నరసప్ప కుమిలి కుమిలి చావాలని ఎన్ని మొక్కులు మొక్కానో.

మొక్కు ఫలించింది. కర్నూలు వైపు నుంచి దేవదానం అనే రైతు ఒకడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ నాయన కరువులో ఆరేళ్ళ పిల్లవాడిగా దొరలు నడిపే అనాథల బడికి చేరాడట. అక్కడ పేరు మారింది, మతం మారింది. ఊరు, ఇంటిపేరు ఏదీ గుర్తులేదు. వాకిట్లో ఏటేటా విన్న ఒక్క చరణం మాత్రం మిగిలింది. పోయేముందు దాన్నే కొడుక్కు నేర్పి, తన వాళ్ళను వెతకమన్నాడు. దేవదానం పాదిరిని అడిగాడు, కచేరీలో అడిగాడు. ఎక్కడా ఆనవాలు దొరకలేదు. చివరికి వంశాలు చెప్పేవాళ్ళను అడగమని ఎవరో అంటే నా అరుగు మీదికి వచ్చి ఆ చరణం చదివాడు. "తూరుపు వాకిలి, నీలికుండ, మూడు మగ్గాల ముంగిలి."

అది నరసప్ప ఇంటి పల్లవి. ఆ ఇల్లు నా అరుగుకు నాలుగు మైళ్ళు. నరసప్పకు పిల్లలు లేరు. తమ్ముడి కోసం ఇంకా ఎదురుచూస్తున్నాడు.

నాకు తెలియదన్నాను. గండికోట పక్క ఊళ్ళలో అడిగి చూడమన్నాను. అంతటితో ఆగి ఉంటే అది ఒక అబద్ధంతో పోయేది. నేను ఆగలేదు. మూడేళ్ళు తిప్పాను. కాళ్ళు వాచి, విసిగి వచ్చిన ప్రతిసారీ అన్నం పెట్టి, ధైర్యం చెప్పి, ఇంకో తప్పు ఊరికి పంపాను. ఎందుకు? దొరకదు పొమ్మంటే ఇంకెవరినైనా అడుగుతాడు. ఆశ పెడితే నా చేతిలోనే ఉంటాడు. మతం మారినవాణ్ణి వాళ్ళు గడప ఎక్కనిస్తారా అని నాకు నేనే సాకు కూడా చెప్పుకున్నాను. ఎక్కనిచ్చి ఉండేవాళ్ళేనని నాకు తెలుసు.

చివరిసారి వచ్చినప్పుడు అతను శనక్కాయల మూట తెచ్చాడు. సొంత చేనివట.

"ఇంగ నావల్ల కాదప్పా," అన్నాడు. "మా నాయన ఊరు యాడుండాదో దేవునికే తెల్సు."

"ఇంత దూరమొచ్చి ఇడిసిపెడ్తావా? దొరుకుతాది, పో. ఆ పక్క ఇంగా రెండూర్లుండాయి."

"శానామందినడిగినా. నువ్వొక్కనివే నాకు ధైర్యం చెప్తాండావు."

చేతులు జోడించి వెళ్ళాడు. ఆ శనక్కాయలు నేను వేయించుకొని తిన్నాను.

ఆ నెలలోనే నరసప్ప మంచాన పడి నన్ను పిలిపించాడు. గంటను తోమించి నా చేతిలో పెట్టాడు. మీ నాయనకు చేసింది తప్పేనన్నాడు. వంశం చదవమన్నాడు, తమ్ముడి పేరు మాత్రం వదలొద్దన్నాడు. వదల్లేదు. గంట వాయిస్తూ సుంకన్న దాకా వచ్చి ఆగాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఒక్క పేరు. నరసప్ప నా నోటివైపే చూస్తున్నాడు. "సంతు లేదు" అని చదివాను. అతను గోడవైపు తిరిగి ఏడ్చాడు. నాలుగో రోజు పోయాడు. తలకొరివి పెట్టడానికి దాయాదుల్లో ఒక దూరపు పాలివాణ్ణి వెతికి తెచ్చారు. నాకు హాయిగా ఉండింది. మీ దగ్గర దాపరికమెందుకు, ఆ పూట కడుపునిండా తిన్నాను.

నరసప్ప మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. కానీ దేవదానం నాకేం చేశాడు? పగ తీరాక అతని ఊరికి ఒక్క కార్డు ముక్క ఎందుకు రాయలేకపోయాను? రాస్తే మూడేళ్ళ నాటకం బయటపడుతుంది, వంశం చెప్పే నోరు వంశాన్ని నరికిందని ఊళ్ళన్నీ ఉమ్మేస్తాయి. అంతే. భయం. అతను మళ్ళీ రాలేదు. ఆ రెండు ఊళ్ళకూ పోయాడో, దారిలోనే ఆశ వదులుకున్నాడో తెలియదు. నరసప్ప ఇంటి పైకప్పు కూలింది. నూలుకు రంగు వేసే నీలికుండ పగిలి వాకిట్లోనే పడి ఉంది.

నా కొడుకులు ఈ విద్య నేర్వలేదు. నాతోనే పోతుంది. మా నాయన ఒక పేరు వదిలింది పద్ధతి కొద్దీ. నేను వదిలింది తెలిసి. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు? ఒకసారి వినండి, చాలు. గంట పక్కన పెట్టి చదువుతున్నాను.

తూరుపు వాకిలి, నీలికుండ, మూడు మగ్గాల ముంగిలి. ఆ ఇంటి ఓబన్నకు కొడుకులిద్దరు, నరసప్ప, సుంకన్న. నరసప్పకు సంతు లేదు. సుంకన్న కొడుకు దేవదానం.