అన్నానికి ముందు రొట్టె ముక్క

మా వదిన పోయిందన్న సంగతి నాకు చెవితో తెలియలేదు. మగ్గాలు ఆడుతుంటే మా కార్ఖానాలో పిడుగు పడినా వినపడదు. నేను ఒక చద్దరు అంచు చూస్తూ వంగి ఉన్నాను. ఉన్నట్టుండి అన్ని మగ్గాలూ ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకుని, తిట్లు నోటి దాకా తెచ్చుకుని తలెత్తితే, మెయిన్ స్విచ్ దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. పట్టపగలు కార్ఖానా ఆపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, ఒక్క వదినకు తప్ప.

"అక్క లేస్తలేదు," అంది మా ఆవిడ. "పొద్దుగాల చాయ్ తాగి ఒరిగింది. ఎంత లేపినా లేస్తలేదు."

గంటలో సోలాపూర్‌లోని మా భవాని పేట్ సగం మా వాకిట్లో ఉంది. ఆమె బతికున్నన్నాళ్ళు 'రొట్టెలామె' అని ముక్కు విరిచిన వాళ్ళే వరసగా వచ్చి 'పుణ్యాత్మురాలు' అని పోయారు. ఒకాయన గోడకు ఆనుకుని పక్కవాడితో, "ఇంత పథ్యం చేసి ఏం ఫాయిదా? పోనే పోయింది గదా," అన్నాడు. ఆయన చేతిలో కాగితంలో చుట్టిన మిర్చి బజ్జీ ఉంది. చావింటి ముందు బజ్జీ ఎక్కడిదని మీరు అడగవచ్చు. బజ్జీల బండ్లుండే కొంతం చౌక్ మీదుగా వచ్చాడు, ఉత్త చేతులతో రావడం బాగుండదనుకున్నాడేమో.

ఆయనకు తెలియనిది ఏమిటంటే, మా వదిన జన్మలో పథ్యం చేయలేదు. ఆ మాటంటేనే ఆమెకు రోత. ఆ ఒక్క సంగతి సరిగ్గా చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పొగడటానికి కాదు. ఎవరైనా పొగిడితే ఆమె "చాలు తియ్" అని లోపలికి పోయేది.

ముందు మా వాళ్ళ తిండి గురించి చెప్పాలి, చెప్పుకోవడానికి సిగ్గుచేటే అయినా. మా తాతలు జొన్నగటక తాగి కరీంనగర్ వైపు నుంచి సోలాపూర్ నడిచొచ్చిన వాళ్ళు. వచ్చింది కూడా జొన్నలు పండే నేలకే. కానీ నాలుగు మగ్గాలు పెట్టగానే మావాళ్ళకు కళ్ళు నెత్తికెక్కాయి. కంచంలో తెల్లన్నం గుట్టగా పోసుకుని తింటే పెద్దమనిషి, రొట్టె తింటే చేతకానివాడు. మగ్గం దగ్గర నిలబడి పాకం లాంటి చాయ్ తాగడం, దాంట్లో రెండు టోస్టులు ముంచడం, మళ్ళీ చాయ్ తాగడం. సగం పేట్‌కు షుగరు. మిగతా సగం పరీక్ష చేయించుకోలేదు.

మా అన్నకూ వచ్చింది. అన్న తీర్మానాల మనిషి. ప్రతి సోమవారం అన్నం బంద్, చక్కెర బంద్, చాయ్ బంద్ అని గల్లీ అంతా వినేలా చెప్పేవాడు. పొద్దున్నే కాకరకాయ రసం తాగి, తాగనివాళ్ళ వైపు జాలిగా చూసేవాడు. గురువారానికి జిలేబీ బాణలి ముందు దొరికేవాడు. నాలుగు రోజులు నోరు కట్టుకున్నందుకు వారానికి సరిపడా తినేవాడు. మళ్ళీ సోమవారం, మళ్ళీ కాకర రసం. అలా బంద్ చేస్తూ చేస్తూ కాలి వేలు పోగొట్టుకున్నాడు, తర్వాత పాదం పోయింది, తర్వాత మనిషే పోయాడు. శవం మీద పడి ఏడుస్తూ మా వదిన ఒకటే మాట అంది. "కోసుడే తెల్సు నీకు. కోసుడు తప్ప ఇంకేం తెల్వదు."

బయటివాళ్ళు కాలు కోయడం గురించి అనుకున్నారు. ఆమె అన్నది అది కాదు, మగ్గం గురించి.

మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే దాన్ని మొత్తం తీసేయరు. చివర మూరెడు ఉంచుతారు. ఆ పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ముడివేసి అతుకుతారు. తర్వాత పాతదాన్ని మెల్లగా లాగితే, దాని వెంట కొత్తది తనంత తానే పోగులు దూరే సన్న కళ్ళన్నిటిలోంచి వచ్చేస్తుంది. మా కార్ఖానాలో ఈ అతుకు పని వదినది. ఒకసారి కొత్త డిజైన్ మొదలుపెట్టాలన్న తొందరలో అన్న కత్తెర తీసుకుని పాత పడుగును కొసలతో సహా కోసి అవతల పారేశాడు. బుద్ధున్న ఏ మగ్గంవాడూ చేయని పని. ఇక అన్ని పోగులనూ మొదటి నుంచి ఒక్కో కంటిలోంచి దూర్చాలి. వదిన కొక్కెం పట్టుకుని మగ్గం ముందు కూర్చుంది, కళ్ళు ఎర్రబడేదాకా. తిట్టలేదు. తిడితే బాగుండేదని అన్న తర్వాత నాతో అన్నాడు.

అన్న పోయాక నా వంతు వచ్చింది. మగ్గంలోంచి, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె ఒకటి ఎగిరి నా పాదం మీద పడి పుండయింది. అది మానలేదు. దవాఖానలో షుగరు అన్నారు. అన్న కాలి సంగతి గుర్తొచ్చింది. నిలబడితేనే మాకు తిండి, కాలు పోతే మగ్గంవాడు ఏం చేస్తాడు? ఇంటికి వచ్చి వాకిట్లోంచే, "వదినా, రేపట్నుంచి నాకు అన్నం బంద్," అని ప్రకటించాను.

వదిన నన్ను ఎగాదిగా చూసింది. కార్ఖానా మూలలో పోగైన నూలు చెత్తను అలాగే చూసేది.

"మీ అన్న సుత గిట్లనే కూసిండు," అంది. "ఉగాచ్ నాటకాలు నక్కో, ఉత్తగ ఏషాలు వద్దు. బంద్ చెయ్యమని నీకు ఎవలు చెప్పిండ్రు?"

"డాక్టర్ చెప్పిండు."

"డాక్టర్ రోజు వచ్చి నీ కంచం ముందల కూసుంటడా? మందు ఆయన ఇచ్చింది మింగు. తిండి నేను పెట్టింది తిను. కూసో."

కూర్చున్నాను. కంచంలో అన్నం ఎప్పటిలాగే గుట్టగా ఉంది. దాని పక్కన బీడీకి కత్తిరించిన ఆకంత జొన్న రొట్టె ముక్క, దాని మీద చిటికెడు శేంగ చట్నీ, అంటే పల్లీల కారప్పొడి.

"గీ ముక్క ముందుగాల తిను. తర్వాత నీ అన్నం నువ్వు తిను."

"గింతేనా?" అన్నాను. నాకు అవమానమనిపించింది. పెద్ద త్యాగం చేద్దామని వచ్చినవాడికి బీడీ ఆకంత పనా?

"నీ మొకానికి గింతే చాలు," అంది.

అదే కొలత ముక్క తన కంచంలోనూ వేసుకుంది. నా ఎదురుగా కూర్చుని, నా కళ్ళలోకి చూస్తూ నమిలి మింగింది. "చూడు. సచ్చిన్నా? లేదు గదా. నువ్వు సుత సావవ్."

అలా మొదలయింది. వారం వారం ముక్క కాస్త పెరిగేది. ఎంత పెరిగిందో కనపడేది కాదు, కానీ అన్నం గుట్ట దానంతట అదే దిగుతూ వచ్చింది. కడుపులో చోటుండాలి గదా. రొట్టె వెంట మెంతికూర వచ్చింది, దాని వెంట పెసరపప్పు. ఎప్పుడైనా నేను గల్లీలో నిలబడి నా తిండి గురించి గొప్పలు చెప్పుకున్నానని తెలిస్తే మాత్రం, మరునాడు ముక్క మళ్ళీ చిన్నదయ్యేది. "మాటల్ల ఎక్కువ తిన్నవట గదా నిన్న," అనేది. చాయ్‌లో చక్కెర తగ్గించలేదు. గ్లాసు మార్చింది.

"గ్లాస్ చిన్నగ అయింది గదా వదినా?"

"గ్లాస్ మంచిగనే ఉంది. నీ ఆశ పెద్దగైంది."

ఆమెకు అందరికంటే అసహ్యం మా బామ్మర్ది అంటే. నాకూ అంతే, కానీ నేను పైకి అనలేను, మా ఆవిడకు సొంత తమ్ముడు. నెలకో కొత్త మతం పుచ్చుకుంటాడు. ఒక నెల మొలకెత్తిన పెసలు తప్ప ఏమీ ముట్టడు. ఒక నెల రోజుకు ఒక్కపూట తింటాడు, ఆ పూట నలుగురి తిండి తింటాడు. ఒక నెల అంతా నెయ్యే అంటాడు. ఫోన్‌లో చూసిన ప్రతి మాటా తన నోట్లోంచి పుట్టినట్టు చెబుతాడు. పొద్దున్నే కొత్త బూట్లు వేసుకుని తన జట్టుతో నడక మొదలుపెట్టి, పోహా బండి దగ్గర ఆగి అక్కడే ఆరోగ్యం గురించి చర్చిస్తాడు. వాడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా వదిన కంచం నిండా అన్నం పోసి ముందు పెట్టేది. "తిను బిడ్డా. రేపట్నుంచి మొదలువెడుదువు," అనేది. వాడు తినేవాడు.

మా ఆవిడకు కూడా మా రొట్టె భాగోతం నవ్వులాటే. "ఇద్దరు కోడిపిల్లల లెక్క ముక్కలు ఏరుకుంటున్నరు," అని వంటింట్లో తన అన్నం తాను గుట్టగా పెట్టుకుని తినేది. వదిన ఆమెను ఎప్పుడూ బలవంతం చేయలేదు. "దానికి దాని టైమ్ వస్తది," అని ఊరుకునేది.

ఒక చలికాలం నా పుండు మూసుకుంది. డాక్టరు తన మందులను తానే మెచ్చుకున్నాడు, నేను తల ఊపాను. ఇంటికొచ్చి వదినకు పాదం చూపించాను. ఆమె దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. "గోర్లు తీసుకో, రాక్షసుని లెక్క ఉన్నయి," అంది. లోపలికి పోయి అన్న ఫొటో ముందు ఎందుకో కాసేపు నిలబడింది.

పిట్టకు పెట్టే రోజు అందరం శ్మశానం గోడ దగ్గర పోగయ్యాం. మా వాళ్ళలో పోయినవారికి ఇష్టమైన తిండి విస్తట్లో పెట్టి దూరం జరుగుతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక ఉండిపోయిందని అర్థం. బంధువులు బూందీ లడ్లు పెట్టారు, బజ్జీలు పెట్టారు, అంటే తమలో ఎవరికి ఏది ఇష్టమో అది పెట్టారు. వాళ్ళ తెలివికి నాకు నవ్వొచ్చింది. నేను ముందుకొచ్చి ఒక నిండు జొన్న రొట్టె, దాని మీద శేంగ చట్నీ పెట్టి, ఇది కదా ఆమెకు ఇష్టమైనది అన్నట్టు అందరి వైపూ చూశాను.

కాకి గోడ మీద కూర్చుని ఉంది. దిగలేదు.

ఇక మొక్కులు మొదలయ్యాయి. ఒకాయన రేపటి నుంచి తంబాకు బంద్ అన్నాడు. మా బామ్మర్ది చేతులు జోడించి, "అక్కా, నీ మీద ఒట్టు, రేపట్నుంచి చక్కెర ముట్టనే ముట్ట," అన్నాడు. కాకి అటు తిరిగి కూర్చుంది. దానికి కూడా వాడి సంగతి తెలిసినట్టుంది. ఎండ ఎక్కుతోంది. అందరూ గొణుగుతున్నారు.

అప్పుడు మా ఆవిడ సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. మూత తీస్తే తెల్లన్నం, నెయ్యి, పైన చక్కెర.

"ఏందిది?" అన్నాను. "వదిన పేరు మీద చక్కెరన్నమా? ఆమెకు రొట్టె అంటే పానం."

"ఎవలు చెప్పిండ్రు నీకు?" మా ఆవిడ గొంతు పెంచలేదు. "అక్కకు రొట్టె అంటే గిట్టది. పుట్టింట్ల ఉన్నప్పటి సంది గిట్టది. గొంతు దిగకపోతుండె. నువ్వు లేశిపోయినంక చెంబెడు నీళ్ళు తాగుతుండె. అక్కకు ఇష్టం గీ చక్కెరన్నం. మీ అన్న పోయినప్పటి సంది ముట్టలేదు."

మా ఆవిడ ముందుకు నడిచింది. డబ్బాలోది విస్తరి చివర పెట్టి వెనక్కి వచ్చింది. కాకి దిగింది. లడ్లు దాటింది, నా నిండు రొట్టెను తొక్కుకుంటూ పోయింది, తెల్లన్నంలో ముక్కు పెట్టింది.

అందరూ 'ముట్టింది, ముట్టింది' అని చెంపలు వేసుకుంటున్నారు. నాకు ముందు సిగ్గనిపించింది, తర్వాత దుఃఖం ఆగలేదు. ఈ పేట్ మొత్తాన్ని ఇన్నేళ్ళు చులకనగా చూసిన నేను, నా ఎదుట కూర్చుని తిన్న మనిషి ముఖాన్ని ఒక్కరోజు కూడా సరిగ్గా చూడలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి స్నానాలు చేశాం. నాకు ఆకలి లేదు, అయినా మా ఆవిడ కంచం పెట్టింది. అన్నం పక్కన రొట్టె, రోజూ ఉండేంత. వదిన పీట ఖాళీగా ఉంది. రొట్టె తుంచుకోబోతుంటే, వంటింట్లో తినే మనిషి తన కంచం పట్టుకొచ్చి ఆ పీట మీద కూర్చుంది. ఆమె అన్నం గుట్ట పక్కన బీడీ ఆకంత రొట్టె ముక్క ఉంది. దాన్ని నోట్లో పెట్టుకుని, ముఖం చిట్లించి, నా కళ్ళలోకి చూస్తూ నమలడం మొదలుపెట్టింది.