సువార్త ప్రోగ్రాంకు నేను కొట్టిన మార్జిన్

మొన్న శుక్రవారం నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, ఫికర్ లేదు. నాకే ఇంకా నవ్వు వస్తలేదు.

మొయినాబాద్‌ల నాది టైపింగ్ ఇన్‌స్టిట్యూట్. వయసుల ఉన్నప్పుడు పొద్దున మా ఊరు కనకమామిడిల కలుపు తీసి, మట్టి చేతులు కడుక్కొని వచ్చి టైపు మెషీన్ నేర్చుకున్నదాన్ని. ఇప్పుడు టైపింగ్‌కు ఎవరొస్తున్నరు? "పైథాన్ చెప్తరా మేడం?" అని అడుగుతరు, లేదంటే అటే పోతరు. సరే, ఆ కంప్యూటర్ భాషేందో నేనే నేర్చుకుంట అనుకున్న. అరవై దాటితే ఏంది, బుర్ర ఏమన్న కిరాయికి ఇచ్చిన్నా?

నాకు నేర్పేది సువార్త. మా పక్కూరు హిమాయత్‌నగర్ పిల్ల, ఒకప్పుడు నా దగ్గరనే టైపింగ్ నేర్చుకున్నది. వాళ్లమ్మ కూలికి పోతది. ఇంట్ల కంప్యూటర్ లేదు గనుక నా దాని మీద పని చేసుకుంటది, నాకు రోజూ ఒక గంట పాఠం చెప్తది. వేరియబుల్ అంటే పేరు రాసిపెట్టిన డబ్బా అన్నది, అర్థమైంది. ఇఫ్ అంటే షరతు అన్నది, అదీ అర్థమైంది. "మేడం, లైన్ ముందర వదిలే ఖాళీ ఉన్నది చూడుండ్రి..." అని మొదలుపెట్టంగనే నాకు కోపమొచ్చింది.

"ఏందే, మార్జిన్ గురించి నువ్వు నాకు చెప్తవా? ముందరికి నడువు!"

పాపం, నడిచింది.

శుక్రవారం ఆమెకు ఒక కంపెనీ పరీక్ష. ప్రోగ్రాం రాసి మధ్యాహ్నం రెండింటి లోపల పంపాలె. పాసైతే మొదటి ఉద్యోగం. వాళ్లమ్మ ఆ రోజు కూలి మానుకొని, ఉపవాసముండి ప్రార్థనల కూసున్నది.

ఒంటిగంటన్నరకు పిల్ల లేచింది. "అయిపోయింది మేడం, మంచిగ నడుస్తున్నది. జర మొకం కడుక్కొని, అమ్మకు ఫోన్ చేసి వస్త. ఇగ పంపుడే."

నేను స్క్రీన్ చూసిన. అయ్యో రామ! ఒక లైన్ ఈడ మొదలైతే ఇంకోటి ఆడ, మూడోది ఇంకా లోపల! ఇంత తెలివిగల్ల పిల్ల, ఇంత వంకర మార్జినా? చూసినోళ్లు ఏ మేడం నేర్పిందే అని అడుగరా? కూసున్న. ఒక్కో లైన్‌ను ఎడమకు గుంజిన. నా వేళ్లు ఎంత స్పీడుగ పోయినయో! ప్రోగ్రాం అంతా గోడ కట్టినట్టు నిటారుగ నిలబడ్డది. సేవ్ కొట్టి, ఫైల్ బంద్ చేసి, చేతులు దులుపుకున్న.

రెండుకు పది నిమిషాలుండంగ సువార్త వచ్చి తెరిచింది. మొకం తెల్లగైంది.

"మేడం... ఇది ఎవరు ముట్టుకున్నరు?"

"నేనే బిడ్డా. సాఫ్ చేసిన."

"మేడం, పైథాన్‌కు ఆ ఖాళీలే లెక్క. ఏ లైన్ దేని కిందికి వస్తదో వాటిని చూసే తెలుసుకుంటది. ఇప్పుడిది నడువదు."

"మళ్ల ఎనుకటి లెక్క చెయ్యరాదా?"

"ఫైల్ బంద్ చేసిండ్రు గద, ఇగ ఎనుకకు రాదు."

మళ్లీ ఒక్కో లైన్ జరుపుడు మొదలుపెట్టింది. సాయం చేద్దామంటే ఏ లైన్ ఎంత జరుగాల్నో నాకేం తెలుసు? ఆ పాఠమే నేను చెప్పనీయలేదాయె! సగం కాకముందే రెండైంది. టైం అయిపోయిందని స్క్రీన్ మీద పడ్డది.

పిల్ల తిట్టలే. తిట్టినా బాగుండు. కండ్లు తుడుచుకొని, "మార్జిన్ మాత్రం మస్తుగున్నది మేడం" అని నవ్వింది. బతుకుల దెబ్బలు చాన తిన్న గని, అసుంటి దెబ్బ తినలే.

సాయంత్రం వాళ్లింటికి పోయి అంతా చెప్పుకున్న. వాళ్లమ్మ లేచి పొయ్యి మీద గిన్నె పెట్టింది. తర్వాత, "ఇంకో కంపెనీ వస్తది లే మేడం, ఛాయ్ తాగుండ్రి" అన్నది. పొద్దటి సంది ఏం తినని మనిషి నాకు ఛాయ్ పోసింది!

సోమవారం సువార్త మళ్లీ వచ్చింది. "రాండ్రి మేడం, ఇయ్యాల ఖాళీల పాఠం."

ఒద్దికగ కూసున్న. కీబోర్డు చూడకుంట కొట్టుండ్రి అని ముప్పై ఏండ్లు పిల్లలను తిట్టినదాన్ని, ఇప్పుడు కీబోర్డు ముట్టుకోవచ్చునా బిడ్డా అని అడిగి కూసుంటున్న.