తెచ్చిండు కాదు, తెచ్చినవు

నేను చెబుతుంటే ఈ పిల్ల రాస్తోంది. నాకు సంతకం వరకే చదువు. నా మాటలను అచ్చులో వచ్చే భాషలోకి దిద్దుకుంటానంది, సరే అన్నాను. పాటను మాత్రం ముట్టుకోవద్దన్నాను. ఎందుకో చెబుతాను.

మాణికేశ్వర్ నగర్‌లో మాకు రెండు గదులున్నాయి. మా ఆయన యూనివర్సిటీలో చెట్లకు నీళ్లు పెట్టే పని చేసేవాడు. ఆయన పోయాక ఒక గది కిరాయికిచ్చాను. అందులోకి వచ్చింది ఈ పిల్ల, రాయలసీమ నుంచి, ఎమ్మే తెలుగు చదవడానికి. వచ్చిన రోజే నన్ను అవ్వా అని పిలిచింది. వాళ్ల దిక్కు అవ్వంటే అమ్మమ్మ, మా దిక్కు తల్లి. ఎట్లా అనుకున్నా నాకు లాభమే, నేను దిద్దలేదు.

కిందటి వానాకాలం ఆమెకు సెమినార్ పేపరు పడింది. కథ చెప్పే పద్యమో పాటో ఒకటి తీసుకోవాలి. అందులో వస్తువు ఏమిటి, స్వరం ఎట్లాంటిది, కథను ఎవరి చూపుతో చెబుతున్నారు అని విడమరిచి రాయాలి. మొదట రాసిందాన్ని సారు తిప్పి పంపాడు. పుస్తకాల్లో ఉన్నదే అందరూ రాస్తున్నారు, బయట వినిపించేది ఒకటి పట్టుకురా అన్నాడట. ఇది కూడా తిరిగొస్తే ఆ సబ్జెక్టు పోయినట్టే. అన్నం మానేసి బోర్లా పడుకుంది. నేను వాకిట్లో బియ్యం చెరుగుతూ నా పాట నేను పాడుకుంటున్నాను. ఎప్పుడు లేచిందో, ఫోను పట్టుకుని నా పక్కన కూర్చుంది.

నాట్లేసేటప్పుడు మా అత్త పాడిన పాట అది. ఒకడు ఎద్దును కొనుక్కొస్తానని పోతాడు. వాన పడుతుంది. ఎద్దు పైసలు ఖర్చు పెట్టుకుని కొత్త గొడుగు వేసుకుని ఇంటికొస్తాడు.

అంగడికి పోయిండు సద్దిమూట కట్టుకొని
ఎద్దును తెస్తనని ఏరు దాటిండు

"ఎద్దుల్ని అంగట్లో అమ్ముతారా అవ్వా?" అంది. వాళ్ల సీమలో అంగడంటే దుకాణమట. మా దగ్గర వారానికోసారి కూడే సంత అని చెప్తే నవ్వింది.

"సరే, పాటలో వస్తువు ఏంది?"

"గొడుగు."

"ఆ వస్తువు కాదవ్వా. పాట దేన్ని గురించి అని."

"గొడుగు గురించే బిడ్డా. ఎద్దు యాడ వచ్చింది అందుల?"

తలకొట్టుకుంది. స్వరం దగ్గర మాత్రం తలకొట్టుకోవడం నా వంతయింది. 'దుఃఖం' అని రాసుకుందట.

"ఏడుపు యాడ వినపడ్డది నీకు?"

"నీ గొంతే అట్లుంది కదా."

"గొంతు బొంగురుది బిడ్డా. పాట నవ్వులాట. నాటు కాడ మొగోళ్లను ఎక్కిరిచ్చుడు."

దుఃఖం కొట్టేసి వేళాకోళం అని రాసింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ మరునాడు ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది.

"అవ్వా, ముందంతా పోయిండు, దాటిండు అన్నావు. గొడుగు దగ్గరికి వచ్చేసరికి తెచ్చినవు అంటాండావు. చెప్పేది ఎవరు, ఎవరితో చెబుతోంది? సారు మొదట అడిగేది ఇదే. నువ్వు తప్పు పాడింటే నా పేపరు మళ్లీ వెనక్కే."

ఫోనులో వినిపించింది. నా గొంతే.

ఎద్దును తెస్తనని పోయినోడివి
గొడుగును ఇంటికి తెచ్చినవు

నేను అట్లా పాడుతున్నట్టు నాకే తెలియదు. ఊళ్లో ఉన్న మా ఆడబిడ్డకు ఫోను చేయించాను. మా ఆయనకు అక్క, అదే పాట వచ్చినామె. పాడింది. మొదటి నుంచి చివరి దాకా వచ్చిండు, తెచ్చిండు. నేను పాడింది వినిపించాను.

"నువ్వెందుకు తిప్పినవే?" అంది.

"నాకేం ఎరుక వదినె. నువ్వే చెప్పు."

"మా తమ్ముడు ఉన్నప్పుడు నువ్వు గూడ తెచ్చిండు అనే పాడేటిదానివి."

నాకు నవ్వొచ్చింది. మా ఆయన సంగతి మీకు చెప్పలేదు కదా. తార్నాక బజారుకు పంపితే చాలు, ఒకటి తెమ్మంటే ఇంకొకటి తెచ్చేవాడు. చింతపండు తెమ్మంటే గులాబీ మొక్క. కిరసనాయిలు తెమ్మంటే పుచ్చకాయ. ఆయన పోయాక, గొడుగు దగ్గరికి రాగానే పాటలోని వాణ్ని వదిలేసి ఈయన్నే అంటున్నానన్నమాట.

పిల్ల మళ్లీ రికార్డు చేస్తానంది, ఆడబిడ్డ పాడినట్టు పాడమంది. కూర్చున్నాను. రెండుసార్లూ నోరు తెచ్చినవు దగ్గరికే పోయింది. మూడోసారి ఆమే ఫోను పక్కన పెట్టేసింది.

"వద్దులే అవ్వా. క్లాసుకు నువ్వే రా. ఇట్లనే పాడు. ఏమైతే అది కానీ."

మా ఆయన నీళ్లు పెట్టిన చెట్ల కిందుగా నడిచిపోయాం. కుర్చీ వేశారు, పాడాను. గొడుగు దగ్గర పిల్లలు నవ్వారు. సారు నవ్వలేదు, సరిగ్గా దాని దగ్గరే పట్టుకున్నాడు. ఈ పిల్ల నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు?"

"మొదట్ల పాటల ఉన్నామె సారు. ఈడికొచ్చినంక నేను."

"ఎవరితో?"

"మా ఆయనతోని."

ఆయన పిల్ల వైపు తిరిగాడు. ఇట్లా అన్నాడు. రెండు పాటలూ పక్కపక్కన రాయి, చూపు ఎక్కడ మారిందో చూపించు, ఎందుకు మారిందో కూడా రాయి, పేపరు అదే. పిల్ల నా కొంగు వదిలింది. అప్పటికి నలిగి ముద్దయింది.

పేపరు తిరిగి రాలేదు. మార్కులు తెలిసిన సాయంత్రం మజ్జిగ పులుసు చేస్తానని పిల్లను తార్నాకకు పెరుగు తెమ్మని పంపాను. చినుకుల్లో తడుస్తూ వచ్చింది, చేతిలో వేడి వేడి మిర్చీ బజ్జీలు. పెరుగు మరిచిపోయింది.

"పెరుగును తెస్తనని పోయినదానివి," అని అందుకున్నాను. మిగతాది ఆమే పాడింది, బజ్జీ నోట్లో పెట్టుకుని.